వోల్బాకియా దోమల్ని మన టౌన్లలో వదలనివ్వాలా?

రాయగడ కుర్రాడు:
నిన్న పర్లాకిమిడిలో మావయ్యగారింట్లో భోజనాల దగ్గర ఇదే గొడవ. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమల్ని పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ సంస్థ తయారుచేసింది, 2022లోనే ప్రకటించారు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఇలాంటివే వదిలితే డెంగీ 77 శాతం తగ్గింది. మావయ్యేమో "చంపమంటే పెంచి వదుల్తారట్రా!" అని. నేనైతే వదలమనే అంటాను.

గుణుపురం మాస్టారు:
ఏ దోమ బాబూ అది? ఈడిస్. పగలు కుడుతుంది, మన తొట్లలోనే పుడుతుంది, డెంగీ తెస్తుంది. మన కొండల్లో మలేరియా తెచ్చేది అనాఫిలిస్, సెలయేటి ఒడ్డున పుట్టి రాత్రి కుట్టే రకం. ఆ ప్రయోగంతో దీనికేం సంబంధం? 2017లో మొదలైన 'దమన్' అనే ఒడిశా ప్రభుత్వ మలేరియా కార్యక్రమం కింద జ్వరం లేనివాళ్లకి కూడా రక్తపరీక్ష చేసి, మలేరియా తేలితే మందులిస్తున్నారు, డబ్బేదో అటు పెట్టమనండి.

జయపురం కోడలు:
మాస్టారూ, మందు దోమతెరలూ పంచారుగా. మా అత్తగారు దాన్ని మేడ మీద వడియాలకి కాకులు రాకుండా కప్పారు, కింద కట్టుకుంటే ఉక్కపోస్తుందట. కొత్తదైనా పాతదైనా జనం వాడితేనే కదా!
మీ మావయ్యగారి అనుమానం మాత్రం కొత్తది కాదు తమ్ముడూ. 1970ల్లో ఢిల్లీ దగ్గర డబ్ల్యూహెచ్‌ఓ సాయంతో దోమల ప్రయోగం చేస్తుంటే, ఇది జీవాయుధాల కోసమేమో అని పేపర్లలో, పార్లమెంటులో గొడవై 1975లో ఆపేశారు. ముందు జనానికి చెప్పకపోతే ఇప్పుడూ అంతే.

రాయగడ కుర్రాడు:
అక్కా, ఇది జన్యువులు మార్చిన దోమ కాదు. వోల్బాకియా చాలా పురుగుల్లో మామూలుగానే ఉంటుంది, ఈడిస్‌లోకి ఎక్కిస్తే డెంగీ వైరస్ దాని ఒంట్లో సరిగ్గా పెరగదు. ఆడ దోమ గుడ్ల ద్వారా పిల్లలకీ వస్తుంది కాబట్టి కొన్నాళ్లకి ఊళ్లో ఈడిస్ దోమలు దాదాపు అన్నీ అవే. యోగ్యకర్తాలో గుడ్ల డబ్బాలు ఇళ్ల దగ్గరే పెట్టారు.

గుణుపురం మాస్టారు:
ఆడ దోమలూ వదుల్తారంటే ఆ కొన్నాళ్లూ కుట్టించుకోవాలి మరి. ఆ మాట ఎవరూ చెప్పరేం? పైగా సాయంత్రం అయ్యేసరికి మా వీధిలోకి ఫాగింగ్ బండి వస్తుంది.

రాయగడ కుర్రాడు:
మలేరియా సంగతి ఒప్పుకున్నా మాస్టారూ, కొండకి ఇది పనికిరాదు. నేనడిగింది టౌను గురించే. ఫాగింగ్ మాట ఇప్పుడే మావయ్యకి ఫోన్‌లో చెప్పాను. "చూశావా, ఒకడు వదుల్తాడు, ఇంకొకడు పొగ పెడతాడు" అని ఒకటే నవ్వు.