నిమ్మతోటలో గ్యాస్ పైపులైను రాళ్లు: సంతకం పెట్టాలా, ఆగాలా?

ప్రశ్న: పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో గ్యాస్ పైపులైను సర్వే అని రాళ్లు పాతి పోయారు. ఏదో కాగితం మీద సంతకం అడుగుతున్నారు. రాళ్లు పీకేయమంటున్నారు ఊళ్లో. ఏం చేయాలన్నా?

జవాబు: రాళ్ల జోలికి పోవద్దు తమ్ముడూ, అది 1962 పైపులైన్ల చట్టం సెక్షన్ 15 కింద నేరం. ముందు గెజిట్ అడుగు. ఆ చట్టం ప్రకారం 3(1) నోటిఫికేషన్, అంటే భూమిలో వాడుక హక్కు తీసుకోబోతున్నామనే ప్రకటన, వచ్చాకే వాళ్లు పొలంలో దిగి కొలవాలి. అందులో మీ సర్వే నంబరు ఉందో లేదో చూడు. రీసర్వే అయిన ఊరైతే పాత నంబరుకు ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఇచ్చిన కొత్త నంబరు) సరిపోల్చుకో. పరిహారం చెక్కులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. 1-బిలో (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు) ఇంకా నాన్నగారి పేరే ఉంటే ఈలోపే మార్పించు.

నోటిఫికేషన్ ప్రతులు జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి (ఈ పనికి నియమించిన అధికారికి) అభ్యంతరం రాయాలి. "ఇష్టం లేదు" అంటే నిలవదు. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు జతచేసి, గట్టు వెంట మళ్లిస్తే ఎన్ని చెట్లు మిగులుతాయో లెక్క చూపు. స్వయంగా వినమని అడిగే హక్కుంది. ఆ తర్వాత వచ్చేది 6(1) ప్రకటన, అంటే వాడుక హక్కు తీసుకుంటున్నామని ఖాయం చేసేది. ఏడాదిలో అది రాకుంటే 3(1) చెల్లదు.

ప్రశ్న: భూమి పోయినట్టేనా? డబ్బు ఎంత?

మరొకరి జవాబు: పట్టా మీదే, వాళ్లది వాడుక హక్కు మాత్రమే. 3(1) నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. 18 మీటర్ల వెడల్పున 100 మీటర్లు పోతే సుమారు 44 సెంట్లు. ఎకరం 20 లక్షలనుకుంటే 89 వేలు. నా దృష్టిలో ఇది తక్కువే. అసలు డబ్బు చెట్ల నష్టంలో ఉంది. 6 మీటర్ల ఎడంతో నాటితే ఆ మేరలో 50 చెట్లుంటాయి. పంచనామాలో చెట్టు వయసు, కాపు, డ్రిప్ గొట్టాలు విడివిడిగా రాయించి, నకలు చేతికొచ్చాకే సంతకం పెట్టండి. మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

పైమన్ను వేరుగా పోసి చివర్లో కప్పమనండి. కింది మన్ను పైకొస్తే రెండు మూడేళ్లు పంట సరిగా రాదు. గొట్టం మీద కనీసం మీటరు మన్నుండాలి.

ప్రశ్న: మళ్లీ నిమ్మ పెట్టొచ్చా?

జవాబు: ఆ పట్టీలో కుదరదు. చెట్లు, బావి, కట్టడం మూడూ నిషేధం. వేరుశనగ, కూరగాయలు వేసుకోవచ్చు.