«రాకాసిలోయ»లో ‘సి’ ఎవరిది?

పాతసంచిక:
“రాకాసికి ఆడేది, మగేది...” దీని తర్వాత ఇంకో సగం ఉండాలి. అది గుర్తు రాక వారం రోజులుగా నిద్ర పట్టడం లేదు. మా పెద్దమ్మ చందమామ చదివి వినిపించేటప్పుడు అనేది. «రాకాసిలోయ» ధారావాహిక వచ్చిన పాత సంచికలు ఆవిడ దగ్గర కుట్టించి ఉండేవి. సుద్దతో నేల మీద రాసినట్టు ‘కా’ని సాగదీసి పలికేది, రా...కా...సి అని. నేను భయపడి దుప్పటి లాక్కుంటే ఈ ముక్క అనేది. ఇది దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన వాక్యమా, సామెతా, పెద్దమ్మ సొంతమా? అసలు ఆ పేరులో ‘రాకాసి’ అంటే రాక్షస స్త్రీయేనా? ఎవరికైనా తెలుసా?

అరసున్న:
సామెతగా నేను వినలేదు. మాట మాత్రం తేలికే. రాక్షసుడు రక్కసుడయ్యాడు, రాక్షసి రక్కసి అయింది, జనం నోట రాకాసి. ‘సి’ స్త్రీవాచకమే. కాబట్టి పెద్దమ్మగారి మాట వ్యాకరణానికి ఎదురెళ్తోంది. రాకాసి అన్నాక ఆడదే.

కృష్ణకాలువ:
అరసున్న గారూ, తొందరపడ్డారు. రాక్షసిబొగ్గు అంటాం. దానికి ఆడతనం ఎక్కడిది? రాకాసిమట్టలు అంటాం, కలబందలా ముళ్ళతో పెరిగే ఆ పెద్ద ఆకుల్ని. అదీ ఆడది కాదు. 1565 యుద్ధాన్ని రాక్షసి తంగడి అంటాం, అది రెండు ఊళ్ళ పేరు. ‘రాకాసి’ ముందు చేరితే పెద్దది, మోటుది, భయపెట్టేది అని అర్థం. రాకాసిలోయ అంటే రాకాసి ఉండే లోయ కాదు, రాకాసి లాంటి లోయ.

అరసున్న:
రాక్షసి తంగడి ఇక్కడ చెల్లదు. అది రక్కసగి, తంగడగి అనే కన్నడ ఊళ్ళ పేర్లు మన నోట్లో పడి మారిన రూపం. అందులో రాక్షసి లేదు, చెవికి వినిపించిన పోలిక ఉంది.

కృష్ణకాలువ:
సరే, అది తీసేయండి. బొగ్గు మిగిలింది కదా.

వైరిసమాసం:
మీ ఇద్దరూ అర్థం దగ్గరే ఆగిపోయారు. పేరు పెట్టినాయన చెవి సంగతి చూడండి. ‘రాక్షసలోయ’ అంటే సంస్కృత పదం ముందు, తెలుగు పదం వెనక. ‘రాజకొడుకు’ ఎంత తప్పో అదీ అంతే, వైరిసమాసం. ‘రాకాసిలోయ’ అంటే తద్భవం, దేశ్యం కలిసిన నిఖార్సయిన ఆచ్ఛిక సమాసం. చిన్నయసూరి వచ్చినా వేలెత్తి చూపలేడు. «రాతిరథం» కూడా అంతే, తెలుగు ముందు, సంస్కృతం వెనక. దాసరి గారు పేరు పెట్టడంలో ఒక్క చోట కూడా జారలేదు. పన్నెండు ధారావాహికల పేర్లూ వరసగా పైకి చదవండి, నేను అనేది తెలుస్తుంది.

పాతసంచిక:
పైకి చదివాను. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. 1954లో అచ్చ తెలుగు చుక్కతో మొదలై, 1978కి సంస్కృతపు ఎలుగుబంటి దగ్గరికి చేరారు! మొదటి సగంలో తెలుగు ఎక్కువ, రెండో సగంలో ‘రాతి’ ఒక్కటే మిగిలింది. ఇది ఇంతవరకూ గమనించలేదు. కానీ నా ప్రశ్న...

అరసున్న:
వైరిసమాసం గారూ, ‘రాక్షసి లోయ’ అన్నా వైరి కాదు. రాక్షసి అనేది తెలుగులో అలాగే నిలబడే తత్సమం. కాబట్టి సమాస భయంతో తద్భవం పట్టుకున్నారన్న మీ వాదం నిలవదు. ఆయన పిల్లల నోటికి పట్టే మాట వెతికారు, అంతే. ‘క్ష’ పలకడం ఆరేళ్ళ పిల్లకి కష్టం.

కృష్ణకాలువ:
దానికి ఇంకో కారణం ఉంది. ఆయనది తెనాలి దగ్గర పెదగాదెలవర్రు. చందమామ పెట్టిన చక్రపాణి గారిది తెనాలి, దాన్ని నడిపిన సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. అంటే చందమామ తెలుగు వెనక ఒకే పలుకుబడి ఉంది. మా వైపు ఇంట్లో అల్లరి చేసే ఆడపిల్లని ‘ఓసి రాకాసీ’ అంటారు, మగపిల్లవాణ్ణి కూడా ముద్దుగా ‘రాకాసి వెధవ’ అంటారు. అక్కడ ‘సి’కి లింగం లేదు. పెద్దమ్మగారు అన్నది అదే. ఆవిడది ఏ వైపు?

పాతసంచిక:
రేపల్లె.

కృష్ణకాలువ:
చూశారా!

కలభాషిణి:
ఒక్క ఊరి నోటితో అంత పెద్ద అల్లిక రాదు. దాసరి గారి గొప్పతనం పేర్లలో కాదు, దాచడంలో ఉంది. ఒకడు కనిపిస్తాడు, ఎవరో చెప్పరు. రెండు నెలలు నడిపించి, అప్పుడు వాడి వెనకటి కథ విప్పుతారు. ఆ విద్య తెలుగులో ఎవరిది? పింగళి సూరనది. «కళాపూర్ణోదయం»లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథని చిలక వింటుంది, అది ఎక్కడెక్కడో తిరిగి మధురలాలస నోట పూర్తవుతుంది. పదహారో శతాబ్దంలో అంత మలుపులున్న కల్పన అల్లినవాడు ఇంకొకడు లేడు. విమర్శకులు కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లోనే ఆ కథాకల్పనని నెత్తిన పెట్టుకున్నారు. అందులో నాయిక కలభాషిణి మీద కత్తి లేచినచోట మనం ఆపి, ‘తర్వాత వచ్చే సంచికలో’ అని రాస్తే చందమామే!

వైరిసమాసం:
కలభాషిణి గారూ, మీ పేరు చూసే అనుకున్నాను సూరన దగ్గరికి వస్తారని. అంత దూరం అక్కర్లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల వారి కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలున్నాయి. మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు ఒక కథ చెప్పి, గోపబాలుణ్ణి మర్నాడు నడిపిస్తాడు. నెల నెలా పాఠకుణ్ణి నడిపించడం అంటే అదే. ఇక «ముగ్గురు మాంత్రికులు»లో పింగళుడి కథకి పునాది అరేబియన్ నైట్స్ అని చదివినవాళ్ళకి తెలిసిందే. అన్నదమ్ములు లక్షదత్తుడు, జీవదత్తుడు పెట్టే బాధలు కూడా అక్కడివే.

కలభాషిణి:
పునాది ఎక్కడిదైనా ‘లక్షదత్తుడు’ అన్న పేరు మాత్రం తెలుగువాడిది. డబ్బు మీద ఆశ ఉన్న అన్నకి లక్ష ఇచ్చాడు! చతుర్నేత్రుడు, ఏకాక్షి ఒకరికొకరు శత్రువులు, ఒకడికి నాలుగు కళ్ళు, ఒకడికి ఒకటే. పిల్లలు ఆ పేర్లతోనే సంస్కృత సంఖ్యలు నేర్చుకున్నారు. అలాంటి మనిషి పేరు ఆ ధారావాహికల మీద వెయ్యలేదు. 1952 నుంచి 2006 దాకా అక్కడే కూర్చుని రాశారు. మా ఇంట్లో అందరం ఆ కథలు చదివాం, రాసినాయన పేరు మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అరసున్న:
ఆ మాటకి నేనూ తల వంచుతాను.

పాతసంచిక:
నేనూ. 2010 జనవరిలో ఆయన పోయారని చదివిన రోజు, పెద్దమ్మ కుట్టించిన సంచికలు తీసి మళ్ళీ చూశాను. అట్ట మీద చిత్రా గారి బొమ్మ ఉంది, లోపల ఎక్కడా దాసరి అన్న మూడక్షరాలు లేవు. పెద్దమ్మకి కూడా ఆ పేరు తెలియకుండానే వెళ్ళిపోయింది.

భూతద్దం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రాకాసి సంగతికి ఒక సాక్ష్యం ఉంది. ఇదే ధారావాహిక హిందీ చందమామలో «భయంకర్ ఘాటీ» అన్న పేరుతో వచ్చింది. హిందీ చేసినవాళ్ళు రాక్షసి అని రాయలేదు, భయంకర్ అన్నారు. అంటే విశేషణంగానే తీసుకున్నారు. కృష్ణకాలువ గారి పక్షానికి ఒక ఓటు.

అరసున్న:
అనువాదం సాక్ష్యం ఎలా అవుతుంది? «తోకచుక్క»ని వాళ్ళు ధూమకేతు చేశారు. పొగ ఎక్కడ, తోక ఎక్కడ? వాళ్ళ భాషకి నప్పింది పెట్టుకున్నారు.

భూతద్దం:
ధూమకేతువుకి ‘కేతువు’ అంటే జెండా, పొగ జెండా. మనం తోక చూశాం, వాళ్ళు జెండా చూశారు. రెండూ ఆకాశంలో ఉన్నదాన్ని చూసి పెట్టినవే. భయంకర్ కూడా అలా చూసి పెట్టిందే.

వైరిసమాసం:
నాకు ఇంకో ఆలోచన వస్తోంది. ‘రాకా’ అంటే పున్నమి. రాకాశశి, రాకాసుధాకరుడు అంటాం. ‘రాకా’లో దీర్ఘం ఉన్నట్టే ‘రాకాసి’లోనూ ‘కా’కి దీర్ఘం ఉంది. రక్కసిలో లేని ఆ దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది? పున్నమి రాత్రి తిరిగేది అని జనం కలుపుకున్నారేమో.

అరసున్న:
కాదండీ. సంయుక్తాక్షరం విడిపోయినప్పుడు దాని బరువు పక్క అచ్చు మీద పడుతుంది. ‘క్ష’ విడిపోయింది, ‘కా’ బరువెక్కింది. పున్నమితో పని లేదు.

కలభాషిణి:
దీర్ఘం సంగతి వదిలేయండి. ఒకటి చెప్పండి, దాసరి గారి రాక్షసులు మనకి ఎందుకు అసహ్యం పుట్టించరు? జ్వాలాద్వీపంలో ఉగ్రాక్షుణ్ణి తలచుకోండి. నాకు ఇది పోతన దగ్గర మొదలైందనిపిస్తుంది. ‘సురారులమ్మ కడుపాఱడి పుచ్చిన యమ్మ’ అన్నాడు. దుర్గని పొగుడుతూ కూడా రాక్షసుల తల్లి కడుపుకోత మరిచిపోలేదు. ఇంకెవరైనా అయితే సురారులను చంపిన అమ్మ అని సరిపెట్టేవాళ్ళు. ఈయన వాళ్ళకీ ఒక అమ్మని పెట్టాడు, ఆవిడకో కడుపు పెట్టాడు. ఇంతకంటే కరుణ ఏ కవికి ఉంది?

అరసున్న:
పద్యం మంచిదే తెచ్చారు. శకటరేఫతో, అదే బండి ‘ఱ’తో రాసినందుకు సంతోషం. బడిలో అందరూ ‘కడు పారడి’ అని విరిచి చదువుతారు, చాలా పారడి అన్నట్టు. కడుపు, ఆఱడి.

కృష్ణకాలువ:
ఆ ఆఱడే మా ‘అత్తగారి ఆరళ్ళు’ కదా? అంటే బాధ పెట్టడం. అప్పుడు కడుపుకోత అని ఎలా చెప్తారు కలభాషిణి గారు? తల్లిని సాధించిన అమ్మ అని కదా రావాలి.

కలభాషిణి:
కడుపుని సాధించింది అంటే బిడ్డని తీసుకుంది అనే కదా! పోతన ‘కడుపు’ అన్న మాట ఊరికే వేస్తాడా?

భూతద్దం:
‘కడుపు’ అంటే సంతానం అన్న అర్థం కూడా ఉంది. ‘ఆవిడ కడుపు చల్లగా’ అంటాం. సురారులమ్మ సంతానాన్ని వేధించిన అమ్మ అని చదివితే కడుపుకోతా అక్కర్లేదు, సాధింపూ అక్కర్లేదు.

అరసున్న:
‘పుచ్చు’ దగ్గర ఆలోచించాలి. అక్కడ ప్రేరణార్థకమా, పోగొట్టడమా? దీని మీద రేపు పొద్దున్న వివరంగా రాస్తాను.

పాతసంచిక:
అందరికీ నమస్కారం. నా రెండో సగం దొరకలేదు గానీ, ఇప్పుడే ఒకటి గుర్తొచ్చింది. పెద్దమ్మ ఆ మాట అన్నాక దీపం దగ్గరికి వంగి పుస్తకం తిప్పి, బొమ్మ చూపించేది. కొమ్ములు, కోరలు, నడుముకి తోలు. ‘చూడు, పాపం దీనికీ ఆకలే’ అనేది. రెండో సగంలో ‘ఆకలి’ ఉండి ఉంటుందా? “రాకాసికి ఆడేది, మగేది, ఆకలికి...”

కృష్ణకాలువ:
“ఆకలికి రుచేది” అని రాదు, అది వేరే సామెత. “ఆకలికి ఆగేది” వస్తే ప్రాస కుదురుతుంది.

వైరిసమాసం:
ప్రాస కుదరదు. ‘ఆడేది’లో, ‘ఆగేది’లో రెండో అక్షరం చూడండి.