ఉచిత బస్సు ఉండగా ఆసుపత్రికి చేరడం కష్టమెలా అవుతుంది?

జగద్గిరిగుట్ట బిడ్డ:
తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది కాబట్టి హైదరాబాద్ పేదలకు ఆసుపత్రి దారిఖర్చు తీరిపోయినట్టేనని ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మా నాన్న తాపీ మేస్త్రీ. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు సికింద్రాబాద్‌లోని ఆసుపత్రికి రమ్మన్నారు. ఆడదాన్ని కనుక బస్సులో నాకు టికెట్ లేదు, ఆయనకు ఉంది. ఆ మాట అటుంచినా ఆయన బస్సు మెట్టే ఎక్కలేరు. ఆటోకు పోను 300, రాను 300, వారానికి 1,800 రూపాయలు. నెల తిరగకముందే మానేశాం.

విశ్రాంత డ్రైవరు:
నేను ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపాను. జగద్గిరిగుట్ట నుంచి సికింద్రాబాద్‌కు బస్సులు లేవనడం సరికాదు. వికలాంగులకు సీట్లు కేటాయించి ఉంటాయి, అడిగితే కండక్టరు చెయ్యి అందిస్తారు.

పద్మారావునగర్:
108కి ఫోన్ చేస్తే సరిపోదా?

జగద్గిరిగుట్ట బిడ్డ:
బస్సులు లేవని నేను ఎక్కడా అనలేదండీ. ఇక 108 అంటారా, 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ప్రమాదాలకు, గుండెపోటుకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు. వారం వారం చికిత్సకు దాన్ని పిలిస్తే ఇంకొకరి ప్రాణానికి అడ్డుపడినట్టే. కానీ గర్భిణులను ఇంటి దగ్గర ఎక్కించుకుని, కాన్పు తరువాత తల్లీబిడ్డలను ఇంటి దగ్గరే దింపే 102 బండ్లు మనకు ఉన్నాయి. అటువంటి ఏర్పాటు మంచం పట్టిన మనిషికి ఎందుకు ఉండకూడదు?

బోరబండ వాసి:
బండ్లకన్నా బస్తీ దవాఖానాలను, అంటే బస్తీల్లోని చిన్న ప్రభుత్వ ఆసుపత్రులను, బలపరచడం మేలు. 2018 నుంచి అవి ఉన్నాయి. మా అమ్మకు బీపీ, షుగర్ మందులు అక్కడే ఇస్తున్నారు, రక్త నమూనా కూడా అక్కడే తీసుకుని పరీక్షకు పంపుతున్నారు. ఫిజియోథెరపిస్టు వారానికి రెండు రోజులు బస్తీకే వస్తే మీ నాన్నగారి ప్రయాణం చాలావరకు తప్పుతుంది.

విశ్రాంత డ్రైవరు:
ప్రతి ఇంటి ముందుకూ బండి రావాలంటే ఏ ప్రభుత్వానికి సాధ్యం? మా నాన్నగారిని నేను వీపున మోసి బస్సు ఎక్కించాను. ఇంట్లోవాళ్లు ఉన్నది ఎందుకు?

జగద్గిరిగుట్ట బిడ్డ:
ఇంట్లోవాళ్లు అంటే నేనేనండీ! నాకు టికెట్ లేదు కనుక ఎక్కడికైనా తోడు వెళ్లవలసింది నేనేనని మా ఇంట్లో తేల్చేశారు, తమ్ముణ్ని ఎవరూ అడగలేదు. నేను మూడు ఇళ్లలో వంట చేసేదాన్ని. పొద్దున ఏడింటికి ఓపీ చీటీ కోసం నిలబడితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు అయ్యేది. రెండు ఇళ్లవాళ్లు నన్ను మానిపించారు. ఆ జీతం పోయాకనే ఆటోకు డబ్బులు లేక చికిత్స ఆగింది.

విశ్రాంత డ్రైవరు:
ఆ సంగతి ముందే రాయవలసిందమ్మా. తోడు వెళ్లేవారి కూలి గురించి నేను ఆలోచించలేదు. అయినా నా మాట వినండి: మెట్టు తక్కువ ఎత్తులో ఉండే లోఫ్లోర్ బస్సులను ముందుగా పెద్దాసుపత్రుల దారుల్లో తిప్పితే ఆటో ఖర్చు తప్పుతుంది.

జగద్గిరిగుట్ట బిడ్డ:
మా ఇల్లు గుట్ట మీద ఉంది. బస్టాపు దాకా నాన్నను దింపడానికి ఇద్దరు కావాలండీ, ఇంట్లో ఆ వేళకు ఉండేది నేనొక్కదాన్నే.