మా నాయన ఫోన్లో రోజంతా వైరస్ నోటిఫికేషన్లు, ఎట్ల ఆపాలి?

పాకాల_పిల్లోడు:
అందరికీ నమస్తే. నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటా, అమ్మా నాయన పాకాల దగ్గర ఊర్లో ఉంటారు, చిన్న మామిడి తోట ఉండాది. సమస్య నాయన ఫోన్‌ది. పది పదైదు రోజుల నుంచి టూట్ టూట్ అని ఒకటే నోటిఫికేషన్లు. "మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని ఒకటి, "మీ బ్యాంక్ కేవైసీ ఈ రాత్రితో ముగుస్తుంది" అని ఇంకొకటి, ఫోన్ గెలిచినారని ఇంకొకటి. ఒకటైతే అచ్చం వాట్సాప్ మిస్డ్ కాల్ మాదిరి ఆడపిల్ల ఫోటోతో వచ్చింది, అది అమ్మ కంట్లో పడింది, ఆ పంచాయితీ ఇక్కడ వద్దులే.

నాయనని ఏం నొక్కినావు అంటే ఏమీ నొక్కలేదురా అంటాడు. మెల్లగా అడిగితే బయటపెట్టినాడు. 2025 సీజన్లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ వోళ్ళు కిలోకి 8 రూపాయలు, గవర్నమెంట్ 4, మొత్తం 12 అని చెప్పినప్పటి నుంచి ఈయనకి రోజూ ఫోన్లో రేటు చూసేది అలవాటైపోయింది, అట్ల గూగుల్లో కొడితే ఏదో సైట్ తెరుచుకుందంట, మధ్యలో రోబో బొమ్మ వచ్చి ఇంగ్లీషులో ఏదో ఉంటే పక్కింటి పిల్లోడితో చదివించుకున్నాడంట, నువ్వు రోబో కాకపోతే అలౌ నొక్కు అని ఉందంట. "నేను రోబోని కాదు కదరా, అందుకే నొక్కినా" అంటాడు. దానికి ఏం చెప్పేది నేను.

ఊరి దగ్గర ఒక మొబైల్ షాపులో చూపిస్తే 300 తీసుకుని ఏదో క్లీనర్ యాప్ వేసి పంపినారు. రెండు రోజులు బాగుండె, ఇప్పుడు ఇంకా ఘోరం, ఫోన్ అన్‌లాక్ చేస్తానే స్క్రీన్ నిండా యాడ్. రాత్రి శబ్దానికి నిద్ర పట్టక ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసి పడుకుంటా ఉండాడు. అందులో యూపీఐ ఉండాది, కాయ అమ్మిన డబ్బులు ఆ అకౌంట్లోనే ఉండాయి, నాకు భయం అదే. నిజంగా వైరసేనా? ఆదివారం ఊరికి పోతా ఉండా, ఏం చేయాలో చెప్పండి.

మదనపల్లె_కింగ్:
ఫార్మాట్ కొట్టెయ్ బ్రో, సింపుల్. నేనైతే ఆరు నెలలకి ఒకసారి కొడతా.

జిరాక్స్_అన్న_తిరుపతి:
ఫార్మాట్ వద్దు తమ్ముడూ, బ్యాకప్ లేకుంటే ఫోటోలు నంబర్లు అన్నీ పోతాయి, మళ్ళీ వారం తిరక్కుండా మీ నాయన ఇంకో సైట్లో ఇంకో రోబోకి అలౌ నొక్కుతాడు, కథ మొదటికొస్తుంది. నాది బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్, జిరాక్స్, ప్రింట్లు. దర్శనం టికెట్ ప్రింట్ చేయమని వచ్చేవోళ్ళ ఫోన్లలో రోజుకి ఇద్దరు ముగ్గురివైనా ఇట్లాంటివి చూస్తా. పీడీఎఫ్ నా నంబర్‌కి పంపమ్మా అంటే ఫోన్ తీస్తారు, పైనుంచి ఒకదాని మీద ఒకటి జారతా ఉంటాయి, పీడీఎఫ్ నొక్కబోయి వేలు పోయి దాని మీద పడుతుంది. పడితే ఇంకో సైటు, ఆడ ఇంకో అలౌ. అట్ల పెరిగేదే ఇది.

నువ్వు చెప్పినవాటిలో మొదటిది, ఆ నోటిఫికేషన్లు, వైరస్ కాదు. మీ నాయన నొక్కిన ఆ అలౌ ఉంది చూడు, అది నేను రోబోని కాదు అని చెప్పేది కాదు, "ఈ సైటు నాకు ఎప్పుడైనా నోటిఫికేషన్ పంపుకోవచ్చు" అని ఇచ్చిన పర్మిషన్. రోబో బొమ్మ వేసేది ఆ సైటు వోడు, కింద అలౌ, బ్లాక్ అని చిన్న డబ్బా చూపించేది క్రోమ్. రెండూ ఒకే చోట ఉంటే మనిషికి తేడా ఎట్ల తెలుస్తుంది. నిజం క్యాప్చా, అంటే నువ్వు మనిషివేనా అని చూసే పరీక్ష అయితే పేజీలోనే టిక్ పెట్టమనో, బస్సు బొమ్మలు ఎంచమనో అడుగుతుంది, నోటిఫికేషన్ పర్మిషన్‌తో దానికి పనే లేదు. ఒకసారి అలౌ ఇచ్చినాక పేజీ మూసేసినా సర్వీస్ వర్కర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ బ్రౌజర్లో ఉండిపోతుంది, వాళ్ళ సర్వర్ నుంచి కబురు వస్తే లేచి నోటిఫికేషన్ చూపిస్తుంది. అందుకే హిస్టరీ తుడిచినా పోదు. మంచి సైట్లకి కూడా ఇదే సౌకర్యం, పేపర్ వోళ్ళు వార్తలు పంపేది దీంతోనే.

తీసేది ఐదు నిమిషాల పని. నోటిఫికేషన్ వచ్చినప్పుడు తోసెయ్యొద్దు, నొక్కొద్దు, దాని మీద వేలు పెట్టి అట్లే పట్టుకో. ఏ యాప్ నుంచి వచ్చిందో కనిపిస్తుంది. క్రోమ్ అని, పక్కన ఏదో అర్థం కాని సైటు పేరు ఉంటే అదే దొంగ, అక్కడే ఆఫ్ చెయ్. ఆ తర్వాత క్రోమ్ తెరిచి పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ చేసిన సైట్ల లిస్టు ఉంటుంది, తెలియని పేరు ప్రతి ఒక్కటీ బ్లాక్ కొట్టు. చివరికి పైన ఉండే ఆ మెయిన్ స్విచ్చే ఆఫ్ చేసి పెట్టెయ్, ఇంక ఏ సైటూ అడగనే అడగదు. మీ నాయనకి ఏ వెబ్‌సైటు నోటిఫికేషనూ అవసరం లేదు కదా. ఫోన్ తెలుగులో ఉంటే ఇవే మాటలు తెలుగులో ఉంటాయి, అలౌ బదులు "అనుమతించు" అని. పక్కనే పాప్-అప్స్ అని కూడా ఉంటుంది, అదీ బ్లాక్‌లో ఉందో లేదో చూసుకో.

డబ్బుల సంగతి. ఉట్టి నోటిఫికేషన్ వచ్చినంత మాత్రాన అకౌంట్లో డబ్బు పోదు. దాన్ని నొక్కి, వాడు చూపించిన పేజీలో కార్డు నంబరో పిన్నో ఓటీపీనో కొట్టినా, వాడిచ్చిన ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్ వేసుకున్నా అప్పుడు పోతుంది. నాయనని అది మాత్రం అడుగు, కోప్పడకుండా అడుగు, తిడితే చెప్పరు పెద్దోళ్ళు.

అన్‌లాక్ చేస్తానే వచ్చే యాడ్ వేరే కేసు, దాని గురించి తెలిసినోళ్ళు చెప్పండి.

గ్రీమ్స్‌పేట_అక్క:
చిత్తూరు మాది, ఉద్యోగం బెంగళూరులో. అన్న చెప్పింది కరెక్ట్, ఇంక మిగిలింది ఆ షాపు వోళ్ళు వేసిన క్లీనర్, నాకైతే అన్‌లాక్ యాడ్ దాని పనే అనిపిస్తోంది. బ్రౌజర్ మూసి ఉన్నా హోమ్ స్క్రీన్ మీద యాడ్ పడిందంటే అది సైటు పని కాదు, ఏదో యాప్ పని. ఇట్లాంటి ఉచిత క్లీనర్లు, టార్చ్ యాప్‌లు, క్యూఆర్ స్కానర్లు చాలావాటికి సంపాదనే యాడ్లు చూపించడం. ఫోన్‌లో చెత్త తీస్తామని వచ్చి ఇవే చెత్త వేస్తాయి.

ఏది అని తేల్చుకోవాలంటే, యాడ్ పడగానే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కి చూడు, ఆ యాడ్ ఏ యాప్ పేరుతో ఉందో ఒక్కోసారి అక్కడే దొరికిపోతుంది. లేదంటే సేఫ్ మోడ్‌లో ఆన్ చెయ్, చాలా ఫోన్లలో పవర్ మెనూలో పవర్ ఆఫ్ మీద గట్టిగా పట్టుకుంటే అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు పని చేయవు, అక్కడ యాడ్ రాకపోతే దొంగ మనం వేసుకున్న యాపే అని ఖాయం. తర్వాత సెట్టింగ్స్‌లో "డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్" అని వెతుకు, మిగతా యాప్‌ల మీద తెర పరిచే పర్మిషన్ అది, క్లీనర్‌కి దాంతో ఏం పని? తీసెయ్. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే డివైస్ అడ్మిన్ యాప్స్‌లో టిక్ పెట్టి ఉంటుంది, ముందు అది తీసి తర్వాత అన్‌ఇన్‌స్టాల్. యాక్సెసిబిలిటీలో కూడా తెలియని పేరు ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడు, అది అన్నిటికంటే ప్రమాదం, స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు నొక్కగలదు. చివర్లో ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ ఒకటి కొట్టు.

ఇంకోటి, నేను మా అమ్మ ఫోన్లో చేసింది. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంది, అందులో యాడ్‌గార్డ్ వాళ్ళ డీఎన్ఎస్ పెట్టినా. సైటు పేరు చెప్తే దాని అడ్రస్ ఇచ్చేది డీఎన్ఎస్, యాడ్ సర్వర్ల పేర్లు అడిగితే ఇది అసలు అడ్రస్ ఇవ్వదు, యాప్ ఏదీ వేయక్కర్లేదు. యూట్యూబ్ యాడ్లు మాత్రం దీంతో పోవు, అమ్మ మొదట అడిగింది అదే. ఫోన్లో ఫైర్‌ఫాక్స్ వాడేవోళ్ళైతే యాడ్లు ఆపే యుబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవచ్చు, ఫోన్ క్రోమ్‌లో అట్లాంటివి వేసుకునే వీలు లేదు.

చంద్రగిరి_మాస్టారు:
ఫోన్ సంగతి మీరు చెప్పారు, నేను ల్యాప్‌టాప్‌లో పడిన అవస్థ చెబుతాను, సిగ్గుపడకుండా. పంచాంగం పీడీఎఫ్ కోసం వెతుకుతుంటే ఉన్నట్టుండి తెరంతా నీలం రంగు, లోపల ఎర్ర డబ్బాలు, సైరన్ మోత, ఒక ఆడ గొంతు ఇంగ్లీషులో మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపకండి, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని. మౌస్ కదలదు, మూసే గుర్తు కనపడదు. మా ఆవిడ కంగారుపడి కరెంటు ప్లగ్ పీకేసింది. ల్యాప్‌టాప్ కదా, బ్యాటరీ మీద ఇంకా అరుస్తూనే ఉంది.

నేను ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడండీ, సార్ సార్ అని. ఒక యాప్ దించుకోండి, అందులో వచ్చే అంకెలు చెప్పండి, నేను ఇక్కడి నుంచే బాగు చేస్తాను అన్నాడు. దించుకున్నాను కూడా. అంకెలు చదవబోతుంటే ఎదురింటి అబ్బాయి వచ్చాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఆ అంకెలు చెప్పి, ఆ తర్వాత అడిగినదానికల్లా సరే అని నొక్కి ఉంటే నా తెర మొత్తం వాడి చేతిలో ఉండేది, నెట్ బ్యాంకింగ్ తెరవమని అడిగేవాడట.

ఆ అబ్బాయి చేసింది ఇంతే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కిపట్టాడు, ఫుల్ స్క్రీన్ పోయింది, అంతే, అది మామూలు వెబ్ పేజీ! మూసేశాడు. ఒక్కోసారి అలా పోకపోతే కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయాలట. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయాలా అని అడిగితే వద్దనాలి, లేకుంటే అదే మళ్ళీ వస్తుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక సైరన్‌కి చెమటలు పట్టాయి.

జిరాక్స్_అన్న_తిరుపతి:
సార్ మీరు చెప్పి మంచి పని చేసినారు. ఎవరైనా అంకెలు చెప్పేసి ఉంటే మాత్రం ముందు నెట్ కట్ చేయాలి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి అకౌంట్ ఆపించాలి, పాస్‌వర్డ్‌లు మార్చాలి, డబ్బు పోతే అప్పటికప్పుడే 1930కి కొట్టాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా రాయొచ్చు. రేపు చూద్దాంలే అంటే వాడు ఆ డబ్బుని నాలుగు అకౌంట్లు మార్చేస్తాడు.

మన ఊరికి వచ్చేవోళ్ళ కోసం ఒక మాట, కొండ మీద రూములు, 300 దర్శనం టికెట్లు అని గూగుల్లో వెతికితే దొంగ సైట్లు కూడా తగులుతాయి, దేవస్థానం వోళ్ళే ఎన్నోసార్లు హెచ్చరించినారు. అసలుది టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చివర ఆ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ లేకపోతే డబ్బు కట్టొద్దు. దొంగ రూమ్ రసీదు ప్రింట్ తీసుకుని కొండెక్కినోళ్ళు సాయంత్రానికి మళ్ళీ నా షాపు ముందే నిలబడి అడుగుతారు, ఏం చెప్పేది వాళ్ళకి.

పాకాల_పిల్లోడు:
ఊరికి పోయి వచ్చినా, అప్‌డేట్. క్రోమ్ లిస్టులో 37 సైట్లు ఉండె! ఒక్క పేరూ పలికేదానికి రాదు, ఉత్త అక్షరాలు అంకెలు. అన్నీ బ్లాక్ కొట్టి మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా. తోతాపురి సైట్ ఏదో చూద్దామని తెరిస్తే అందులో రేటే లేదు, నాలుగేళ్ళ నాటి ఏదో వార్త, చుట్టూ యాడ్లు. దీని కోసమా ఇంత.

అక్కా, క్లీనర్ నువ్వు చెప్పినట్లే. డిస్‌ప్లే ఓవర్ పర్మిషన్ ఉండె, డివైస్ అడ్మిన్ కూడా ఉండె. రెండూ తీసి పీకేసినా, అన్‌లాక్ యాడ్ ఆగిపోయింది. డబ్బులు ఏమీ పోలేదు, నాయన కార్డు నంబర్ యాడా కొట్టలేదంట, "నాకు కార్డు యాడ పెట్టినానో తెలిస్తే కదా" అన్నాడు. షాపులో ఇచ్చిన 300 గురించి మాత్రం ఇంకా గొణుగుతా ఉండాడు. రేటు కోసం ఇంక గూగుల్ చేయడంట, మండీకి కాయ తోలే పక్కింటాయనకి ఫోన్ చేసి అడుగుతాడంట.

ఫోన్ బియ్యం డబ్బాలోంచి బయటికి వచ్చింది. రాత్రి ఎనిమిదికి మళ్ళీ టూట్ అనింది, ఇద్దరం ఉలిక్కిపడి చూస్తే గ్యాస్ బుకింగ్ మెసేజ్.

జిరాక్స్_అన్న_తిరుపతి:
అది బ్లాక్ చెయ్యొద్దు తమ్ముడూ, అమ్మ ఊరుకోదు 😄