రోటాహేలర్ మాని ఇన్‌హేలర్‌కు మారిన తరువాత నాన్నగారికి మందు అందుతున్నట్టు లేదు

ప్రశ్న (గాజువాక నుంచి):
మా నాన్నగారికి 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. చాలాకాలం గుళిక వేసి పీల్చే రోటాహేలర్ వాడారు. ఇటీవల డాక్టరుగారు నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌కు మార్చారు. అప్పటి నుంచి నొక్కినప్పుడల్లా నోటి పక్క నుంచి మందు పొగలా బయటికి వస్తోంది, ఆయాసం తగ్గడం లేదు. పైగా కాస్త తేలికగా ఉంటే చాలు, అలవాటు పడిపోతానంటూ మానేస్తారు. ఎలా నచ్చజెప్పాలి?

సమాధానం (ఛాతీ వ్యాధుల విభాగం నర్సు):
రోటాహేలర్‌లోని పొడిని మన ఊపిరే లాగాలి కనుక గట్టిగా, వేగంగా పీల్చాలి. ఇన్‌హేలర్‌లో మందు తనంతటే వేగంగా వెలువడుతుంది కనుక నెమ్మదిగా, 4–5 సెకన్లపాటు పీల్చాలి. పాత అలవాటుతో ఒక్కసారిగా పీలిస్తే మందు చాలావరకు గొంతులోనే ఆగిపోతుంది. డబ్బాను కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, ఇన్‌హేలర్ మూతి చుట్టూ పెదవులు బిగించి, పీల్చడం మొదలవగానే నొక్కి, తరువాత వీలైతే 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొగ బయటికి వస్తోందంటే నొక్కడమూ పీల్చడమూ కలవడం లేదన్నమాట. డాక్టరుగారిని స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే, మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) అడగండి. సరిగ్గా వాడుతున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు, కనుక మీ ఎదుట వాడి చూపించమనండి.

సమాధానం (ఫార్మసిస్టు):
ఈ మందులకు మత్తుమందులకున్నట్టు వ్యసనం ఉండదని ఆయనకు డాక్టరుగారి చేతనే చెప్పించండి. మన మాట కన్నా ఆ మాటకు విలువ ఎక్కువ. సాల్బుటమాల్ ఆయాసం వచ్చినప్పటి ఉపశమనానికి; టయోట్రోపియం వంటివి ఆయాసం లేని రోజున కూడా వాడవలసినవి. పూటకు 2 పఫ్‌ల (ఒకసారి నొక్కితే ఒక పఫ్) చొప్పున రోజుకు రెండుసార్లు వాడితే 120 పఫ్‌ల డబ్బా 30 రోజుల్లో అయిపోవాలి. తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి. నెలన్నర వచ్చిందంటే మానేసిన పూటల లెక్క వాదన లేకుండానే తేలుతుంది. మందు అయిపోయాక కూడా కొన్ని డబ్బాల్లో గ్యాస్ వస్తూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. స్టెరాయిడ్ కలిసిన మందైతే ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నోటిలో తెల్లపూత రావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చూపించమన్నాను. నొక్కిన తరువాత పీలుస్తున్నారు! స్పేసర్ తెచ్చాము. కడిగి గుడ్డతో తుడవవచ్చా?

నర్సు:
వద్దండీ. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి మందు లోపలి గోడలకే అంటుకుంటుంది. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, గాలికి ఆరనివ్వండి. మన విశాఖ తేమలో రాత్రంతా పట్టవచ్చు. పాత రోటాహేలర్ గుళికలు మిగిలి ఉంటే డాక్టరుగారు చెప్పనిదే రెండూ కలిపి వాడనివ్వకండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలం తిరిగినా ఆలస్యం చేయక కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో దగ్గరి అత్యవసర విభాగానికో తీసుకెళ్లండి.