పాత బోర్డులు, ఉబ్బిన బ్యాటరీలు ఎవరికివ్వాలి?

హనుమకొండలో మాది చిన్న మొబైల్, ల్యాప్‌టాప్ రిపేర్ షాపు అండి. పాడైన మదర్‌బోర్డులు, ఛార్జర్లు బస్తాల్లో పేరుకుపోయాయి, పాత సామాన్ల వాళ్లకి వేస్తే కిలో లెక్కన డబ్బులొస్తాయి గానీ తర్వాత రాగి కోసం వైర్లు కాల్చడం, బోర్డుల్ని యాసిడ్‌లో ముంచడం చేస్తారని తెలిశాక ఇవ్వబుద్ధి కావట్లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం రీసైక్లర్‌కి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి కదా, ఒకాయన ఉందన్నాడు, నంబర్ అడిగితే మాట మార్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చి కొద్ది సరుకైనా తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా తెలుసా? పక్క షాపుల వాళ్లతో కలిసి పోగేయమన్నా రెడీ. ఉబ్బిన లిథియం బ్యాటరీలతోనే అసలు టెన్షన్, అప్పటిదాకా విడిగా ఇసుక డబ్బాలో పెడితే చాలా? రసీదు ఇస్తే రేటు తక్కువైనా పర్లేదు.