ఎయిర్‌లైన్ క్యాడెట్లకీ, సొంతంగా సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసినోళ్లకీ ఎందుకీ తేడా?

నెల్లూరు_320: ఫ్లయింగ్ క్లబ్బులో సీపీఎల్ చేసి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో చేరాను. మొన్న క్రూ బస్సులో ఒక కుర్రాడు "మీది ఏ బ్యాచ్?" అన్నాడు. బ్యాచ్ ఏమీ లేదు, ఎయిర్‌లైన్ క్యాడెట్ ప్రోగ్రాంలో కాకుండా బయట నుంచి వచ్చానని చెప్పగానే "ఓ" అని ఫోన్‌లో తల దూర్చాడు. మీకూ ఇట్టా జరిగిందా? ఇంకోటి, పైలట్ల ఆరోగ్య పరీక్ష, అదే క్లాస్ 1 మెడికల్‌కి చెన్నై మేలా, బెంగళూరా?

కందుకూరు_క్యాడెట్: ఆ "ఓ" అన్నది నేను కాదు సామీ. మమ్మల్ని మాత్రం బాగా చూస్తారా? "డబ్బు పోసి సీటు కొన్నారు" అని కెప్టెన్ల ముందే అంటారు. కోటి పైన ఖర్చు, పొగాకు పండించే పొలం తాకట్టులో ఉంది. సైకోమెట్రిక్ టెస్టూ ఇంటర్వ్యూలూ దాటింది మేమే, ఈఎంఐ కట్టేదీ మేమే.

టెక్సాస్_రిటర్న్: మీకు బ్యాచ్ అయినా ఉంది. నేను అమెరికాలో చేసొస్తే ఇక్కడ నావిగేషన్, మెట్ (వాతావరణం), రెగ్యులేషన్స్ మళ్లీ రాయించారు. అది రూలు, రాశాను. అయినా "ఫారిన్ గంటలు" అని వెటకారం! ఇక్కడ క్లబ్బులో విమానం షెడ్డులో పడితే నెలల తరబడి గంటలే రావు, అందుకే వెళ్లాం.

ఒంగోలు_ఫౌజీ: అబ్బాయిలూ, ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32తో లేహ్‌లో దిగినవాణ్ణి. పది వేల అడుగుల పైన రన్‌వే, దిగేది ఒక్క వైపు నుంచే. ఎయిర్‌లైన్‌కి వచ్చాక సీనియారిటీ చేరిన తేదీని బట్టి అన్నారు, నా సర్వీసు గాల్లో కలిసింది. 2022 డిసెంబర్‌లో అత్యవసరంగా దిగేందుకు కట్టిన కొరిశపాడు హైవే రన్‌వే మీదికి ట్రయల్‌కి సుఖోయ్ యుద్ధ విమానాలు వచ్చినప్పుడు జనాన్ని చూడాల్సింది!

కోవూరు_డ్రోన్: అవి నేలకి తగల్లేదుగా సార్, కిందికొచ్చి లేచిపోయాయి. అన్నట్టు నేనూ డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న పైలట్‌నే, డ్రోన్‌తో వరికి మందు కొడతాను.

ఒంగోలు_ఫౌజీ: ట్రయల్ అంటే అంతే నాయనా. తెలియకపోతే అడుగు.

కందుకూరు_క్యాడెట్: డ్రోనోళ్లు కూడా పైలట్లేనా? రెండొందల గంటలు ఎగిరి రా, అప్పుడు మాట్లాడదాం.

కోవూరు_డ్రోన్: మీకు ఆటోపైలట్, పక్కన ఇంకో పైలట్, కింద దారి చెప్పే ఏటీసీ. నాకు గట్టు మీద రైతు, పైన కరెంటు తీగలు. గాలి లేచేలోపు పొద్దున్నే అయిపోవాలి, కాస్త ఆలస్యమైతే మందు తుంపర పక్కోళ్ల చెరువులో పడి రొయ్యలు తేలిపోతాయి. ఆ నష్టం మీ ఎయిర్‌లైన్ కడుతుందా? నన్ను "ఓ" అన్నా పడతాను గానీ, పని రాదంటే పడను.

కందుకూరు_క్యాడెట్: నా వెనకాల నూట ఎనభై మంది కూర్చుంటారు తమ్ముడూ. రొయ్యలు కాదు.

టెక్సాస్_రిటర్న్: బ్యాచ్ అడిగి చిన్నచూపు చూస్తారని ఇప్పుడే ఏడ్చారు, ఈయన్ని మీరు చేస్తున్నదేంది మరి? 😂

నెల్లూరు_320: అయ్యా, మెడికల్ సంగతి ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_ఫౌజీ: ముందు నెల్లూరు దగ్గర ఆ దగదర్తిలో ఎయిర్‌పోర్టు రానీ. నెల్లూరోడు డ్యూటీకి చెన్నై పోయేసరికే సగం అలిసిపోతాడు.

బుచ్చి_రైతు: కోవూరన్నా, ఎకరాకి ఎంత తీసుకుంటావు? మాది ఆరెకరాలు, దోమ పట్టింది.